ఆటలతో లెక్క నేర్పుట



పసిబిడ్డ ఒకటి మొదలు నూఱువఱకు తడుముకొనక అప్పగించినచో మనము పొంగిపోవుదుము. కొన్నాళ్ల క్రిందట మా మనుమడును అట్లే అప్పగించెను. మెచ్చుకొని, ఎనిమిది చింతపిక్కలు వాని ముందు పోసి, "ఇవి యెన్నిరా?" అంటిని. వాడు పండ్రెండనెను. వాని నాలుక ముందు పరుగెత్తుచుండగా వ్రేలు వెనుకబడినది. ఒక పిక్కనే రెండుమార్లు ఎంచినాడు. వానికి వచ్చినది అంకెల పాటయే కాని లెక్క కాదని నా కప్పుడు తెలిసినది.

ఈ లోపము చిన్నదని త్రోసివేయరాదు. లెక్క తెలియక ఎక్కములు మాత్రము వల్లించిన బిడ్డ పై తరగతులలో వెనుకబడును. తనకు లెక్కలు రావని తానే తీర్మానించుకొనును. పెద్దయైన పిదప ధాన్యము తూచు కాటాయొద్ద ఎదుటివాడు చెప్పిన మొత్తమునకు తల యూపును. అట్లు మోసపోయినవారిని మీరెఱుగనివారు కారు.

దీనికి మందు మన యింటనే కలదు. అటకమీది వామనగుంటల పలకను దింపుడు. ప్రక్కకు ఏడేసి చొప్పున 14 గుంటలు. గుంటకు ఐదేసి పిక్కలు పోసినచో మొత్తము 70. పోయుపని మీరు చేయవలదు, బిడ్డచేతనే చేయింపుడు. ఒక గుంటలోని పిక్కలను తీసి గుంట కొక్కటిగా విడుచుకొనిపోవునపుడు ఒక మాటకు ఒక పిక్కయే చెల్లును; నాలుక తొందరపడుటకు వీలులేదు. కొన్నాళ్లకు బిడ్డ చేయి పెట్టకమునుపే పిక్కలెచ్చట ముగియునో చెప్పగలుగును. అదియే కూడిక. ఇది ఆడపిల్లల ఆటయని మగపిల్లలను దూరముంచవలదు.

తరువాత అష్టాచెమ్మ. గవ్వలు నాలుగు, గళ్లు 25. వెల్లకిల పడిన గవ్వలెన్నియో పందెమంత. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట, అనగా ఎనిమిది. వెలుపలి చుట్టు 16 గళ్లు, లోపలి చుట్టు 8, నడిమి గడి ఒకటి. "ఈ కాయ పండుటకు ఇంకెన్ని కావలె?" అని అడుగుడు. తీసివేత యను పేరెత్తకయే బిడ్డ తీసివేతను చేయును.

మఱియొక మాట. ఎనిమిది పిక్కలను దగ్గఱగా ఒక వరుస, ఎనిమిదింటినే ఎడముగా ఒక వరుస పేర్చి, ఏవి యెక్కువయని అడిగినచో, ఐదేండ్ల లోపువారు తఱచుగా పొడుగు వరుసను చూపుదురు. స్విట్జర్లండు పండితుడు పియాజే 1941లో వెలువరించిన గ్రంథమున ఇట్టి విషయమును చర్చించెను. అది మొద్దుతనము కాదు, వయస్సు. కసరవలదు. రెండు వరుసలను జతజతగా కలిపి చూపుడు. ఎంచుటలో పొరబడినపుడు, "మఱల ఎంచి చూడు నాయనా" అనుడు. మూడేండ్ల లోపు పసివారి చేతికి మాత్రము పిక్కలు, గవ్వలు ఈయరాదు. నోటనో ముక్కుననో పెట్టుకొందురు.

ఇదంతయు బడియే చూచుకొనునని యూరకుండవలదు. బడిలో ఒక్క ఉపాధ్యాయునికి పెక్కుమంది పిల్లలు; ఇంట తాత ప్రక్కన ఒక్క మనుమడు. ఆ తీరిక మన యొద్దనే యున్నది. ఈ యాటలు మనకు వచ్చును. మనము నేర్పకున్న మన తరువాత నేర్పువారుండరు.

మొన్న ఆటలో నేను ఒక గుంటలో రెండు పిక్కలు విడిచితిని. మనుమడు నా చేయి పట్టుకొని, "తాతా, లెక్క తప్పినావు" అనెను. ఓడితిని గాని, వాని నిక కాటాయొద్ద ఎవరును మోసగింపలేరని ధైర్యము కలిగినది.

నేటి సాయంకాలమే మీ యింటి పలకను దింపుడు. సెలవు.