కొలువులో ఆత్మీయత



శ్రీమద్రామాయణము అయోధ్యాకాండలోని నూరవ సర్గలో, చిత్రకూటమునకు వచ్చిన భరతుని శ్రీరామచంద్రుడు ఒడిలో కూర్చుండబెట్టుకొని రాజ్యపాలనను గూర్చి వరుసగా ప్రశ్నించును. వానిలో ఒకదానిని మనము పారాయణ వేగములో దాటిపోవుచుందుము. సైన్యమునకు బత్తెమును, జీతమును తగినట్లుగా, ఆలస్యము లేక ఇచ్చుచున్నావా అని రాముడు అడిగినాడు. ఆలస్యమైనచో భృత్యులు యజమానిపై కోపింతురనియు, అది గొప్ప అనర్థమనియు కూడ చెప్పినాడు. నారచీరలు కట్టి అడవిలో ఉన్నవాడు కూలివాని నెలజీతమును మరువలేదు!

అయితే జీతముతోనే మనిషికి తృప్తి కలుగునా? యుద్ధకాండ మొదటి సర్గ చూడుడు. సీతమ్మ జాడ తెలిపిన హనుమంతునికి తగిన బహుమానము ఇచ్చుటకు తనవద్ద ఏమియు లేదే అని రాముడు బాధపడి, గాఢముగా కౌగిలించుకొనెను. ఈ ఘట్టమును కొందరు యజమానులు తమకు అనుకూలముగా అన్వయించుకొందురు. జీతము పెంచుమన్నచో శాలువ కప్పి పంపుదురు. రాముడు చేతిలో కాసు లేక కౌగిలి ఇచ్చెను. వీరు ఖజానా తాళము మొలలో పెట్టుకొని కౌగిలింతురు!

ధర్మరాజు రాజసూయములో బంధువులందరికి తలకొక పని అప్పగింపబడెను. వ్యయము విదురునిది. కానుకలు స్వీకరించుట దుర్యోధనునిది. కృష్ణపరమాత్మ అతిథుల పాదములు కడుగు పనిని తానే కోరి తీసికొనెను. స్వామియే ఆ పనికి కూర్చున్న పిదప దానిని నీచమనుటకు ఎవరికి నోరు వచ్చును?

నేటి కార్యాలయములలో ఈ వెలితి రోగమై బయటపడుచున్నది. దిగులు, ఆందోళనల వలన లోకములో ఏటా 1200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా కట్టినది. పనిచోట తోటివారితో అనుబంధము, తాను లెక్కలోని మనిషినన్న భావము ఆరోగ్యమునకు ఆవశ్యకములని అమెరికా ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారియు ఆ సంవత్సరమే ప్రకటించెను. మనము యోగక్షేమము అను మాటను ఎన్నడో ఎరుగుదుము: లేనిది పొందుట యోగము, ఉన్నది నిలుపుకొనుట క్షేమము. పదిమందిలో పనిచేయుచు పలుకరించు దిక్కులేనివానికి జీతపు యోగమున్నను మనసుకు క్షేమమేది? వాడు ఇల్లు చేరినను భార్యాబిడ్డలతో మాట కలుపలేడు.

దసరా ఆయుధపూజనాడు బస్సు డిపోలలో, మిల్లులలో అధికారి మొదలు ఊడ్చువాని వరకు ఒకే పళ్లెరములోని కుంకుమ ధరింతురు. చూడముచ్చటగా ఉండును. మరునాడు కాంట్రాక్టు కూలి మరల ఎవరికిని పేరు తెలియనివాడగును. ఏటికి ఒక్కనాటి ముచ్చట!

కార్యాలయములనే అననేల? తెల్లవారకముందే మన ఆలయప్రాంగణము చిమ్ము అమ్మ పేరు మనలో ఎందరికి తెలియును? స్వామివాహనమును భుజములపై మోయు బోయీలు, ఊరేగింపు ముగిసిన అర్ధరాత్రివేళ ఎక్కడ కూర్చుండి భుజింతురు? వచ్చు బ్రహ్మోత్సవముల ఏర్పాట్లకై సమావేశమైననాడు, పూలపందిళ్ల లెక్కకు ముందు ఈ సంగతి అడుగుదము.