మన గోదావరి కరెంటుకి తట్టుకునే ఎస్‌ఎంపీఎస్ ఏది?

ఈ ఎపిసోడ్‌లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి వేసే ఎస్‌ఎంపీఎస్ గురించి మాట్లాడుకుందాం. కొంతమంది పవర్ సప్లై అంటారు, పీఎస్‌యూ అంటారు. మన షాపుల్లో మాత్రం ఎస్‌ఎంపీఎస్ అంటేనే తీసి చూపిస్తారు, కాబట్టి మనమూ అదే అందాం.

మామూలుగా ఏం జరుగుతుందంటే, అబ్బాయికి బీటెక్ సీటొచ్చింది, ఓ నలభై, నలభై ఐదు వేలు పెట్టి సిస్టమ్ అసెంబుల్ చేయిద్దాం అనుకుంటారు. ప్రాసెసర్ దగ్గర గంట బేరం. ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, మానిటర్ ఎన్ని అంగుళాలు అని ఇంకో గంట. చివర్లో షాపాయన "ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటే వచ్చేస్తుందండి" అంటాడు. సరేనండి అని డబ్బులు కట్టి వచ్చేస్తారు. అక్కడే దెబ్బ తగిలేది.

ఎందుకంటే గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటుని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలున్న ప్రతి పార్టుకీ పంచేది ఆ డబ్బానే. అది గతి తప్పితే దాని వెనకాల ఉన్నవాటికి దిక్కులేదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌కీ నాసిరకానికీ తేడా అది నడుస్తున్నప్పుడు తెలియదండి, చచ్చిపోయేటప్పుడు తెలుస్తుంది. మంచిది పోతే సాధారణంగా తానొక్కటే పోతుంది. నాసిరకంది పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ కూడా పట్టుకుపోవచ్చు. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియో ఉందనుకోండి. మదర్‌బోర్డు పోతే కొత్తది కొంటాం. ఇంకా డెలివరీ ఇవ్వని రెండు పెళ్లిళ్లు ఆ డిస్క్‌లో ఉంటే ఎవరు తెచ్చిస్తారండి?

ఇక మన కరెంటు సంగతి. రెండు గోదావరి జిల్లాలకీ కరెంటిచ్చేది ఈపీడీసీఎల్. టౌన్లో ఉన్నవాళ్లకి ఇబ్బంది తక్కువే. కానీ భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మధ్య ఊళ్లు చూడండి. రాత్రి పూట చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు రాత్రంతా, తెల్లవారేదాకా తిరుగుతాయి. లైను చివర్లో ఉన్న ఇంటికి, పైగా ఎండాకాలం ఏసీలన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు, వోల్టేజ్ దిగిపోతే ఆశ్చర్యం లేదు. కోనసీమలో ఇంకో రకం. ఈదురు గాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడిందంటే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. 1996 నవంబర్ తుపాను చూసినవాళ్లకి స్తంభాలు ఎలా ఒరిగిపోయాయో చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే ప్రమాదం న్యూట్రల్ కట్ అవ్వడం. మూడు ఫేజులకీ ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ తీగ తెగితే, మీ ఇంటికి 230 బదులు 300 పైన కూడా రావచ్చు, ఒక్కోసారి 400 దగ్గరికి. వీధిలో ఒకేసారి నాలుగైదు టీవీలు కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. దీనికి ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా తట్టుకుంటుందని నేను చెప్పను. మెయిన్ బోర్డు దగ్గర ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ కట్ఆఫ్ పెట్టించుకోవాలి. అది ఎలక్ట్రీషియన్ పని.

సరే, షాపుకి వెళ్లాం. డబ్బా చేతిలోకి తీసుకోండి. పక్కన స్టిక్కర్ ఉంటుంది. పెద్దక్షరాల్లో ఉన్న వాట్స్ చూడకండి, ముందు ఇన్‌పుట్ అన్న చోట చూడండి. కొన్నిటి మీద 100-240 అని ఉంటుంది, కొన్నిటి మీద 200-240 అని ఉంటుంది. మన దేశంలో తక్కువ ధరకి అమ్మే మోడళ్లలో ఈ రెండో రకం బాగానే కనిపిస్తుంది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఉన్నవాళ్లకి 200-240 సరిపోతుంది. మీ ఊళ్లో సాయంత్రం వోల్టేజ్ 170కి దిగుతుందనుకుంటే మాత్రం 100-240దే అడగండి. రెండో రకమైతే ఆ టైంలో సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటుంది, మనమేమో విండోస్ పాడైంది అనుకుని ఫార్మాట్ కొట్టిస్తాం!

తర్వాత 12 వోల్టుల లైను. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది 12 వోల్టులే. స్టిక్కర్ మీద +12 కింద ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూసి 12తో గుణించండి. పైన 450 వాట్స్ అని రాసి ఉంటుంది, కింద 18 ఆంప్స్ ఉంటుంది. 18 పన్నెండ్లు ఎంతండి? 216. అంటే మీకు పనికొచ్చేది 216 వాట్సే. సరైన 450 వాట్స్ డబ్బా మీద ఇక్కడ 36, 37 ఆంప్స్ దాకా ఉంటుంది. ఈ ఒక్క లెక్క వేస్తే చాలు, ఐదారు వందల రూపాయల సరుకు సగానికి సగం అక్కడే పక్కకి వెళ్లిపోతుంది.

80 ప్లస్ గుర్తు గురించి. బ్రాంజ్, గోల్డ్ అంటారే, అవి. అది చెప్పేది ఎంత కరెంటు వేడి కింద వృథా అవుతుందో, అంతే. బ్రాంజ్ అంటే 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర 85 శాతం. గోల్డ్ అయితే 90. ఇందులో భద్రత గురించి ఒక్క ముక్క లేదు. పైగా ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల చల్లటి గదిలో. మే నెలలో మన రాజమండ్రి గది ఎంత ఉంటుందో మీకు తెలుసు. అయినా ఆ గుర్తు ఉండాలనే నేనంటాను. ఎందుకంటే అంత శాతం రావాలంటే లోపల మరీ చెత్త సామాను పెడితే రాదు. మరి గోల్డ్ కావాలా? ఇంట్లో రోజుకి నాలుగైదు గంటలు వాడే సిస్టమ్‌కి ఆ అదనపు డబ్బు కరెంటు బిల్లులో తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. బ్రాంజ్ చాలు. స్టూడియోలో పగలూ రాత్రీ రెండరింగ్ నడిచేవాళ్లు గోల్డ్ ఆలోచించుకోవచ్చు.

వేడి అన్నాను కాబట్టి ఇంకొకటి. లోపల కెపాసిటర్లు 85 డిగ్రీల రకం, 105 డిగ్రీల రకం అని ఉంటాయి. వేడి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని ఒక లెక్క. మన ఎండలకి 105 రకమే కావాలి. ఇది డబ్బా మీదో కంపెనీ వెబ్‌సైట్‌లోనో రాసి ఉంటుంది.

ఎన్ని వాట్స్? ఇక్కడ షాపుల్లో భయపెట్టి 750 అంటగడుతుంటారు. గ్రాఫిక్స్ కార్డ్ లేని మామూలు సిస్టమ్, అంటే ఐ3, ఐ5, రైజెన్ జీ సిరీస్ లాంటివి, గట్టిగా పని చేసినా 150 వాట్స్ దాటడం కష్టం. మంచి 450 బోలెడు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డ్ ఒక్కటే 170 వాట్స్ తింటుంది, 4060 అయితే 115. రెండిటికీ ఎన్విడియా వాళ్లే చెప్పేది 550 అని. 550 మంచిది తీసుకోండి, అదే డబ్బుకి పేరులేని 750 వద్దు.

ధర విషయానికొస్తే, కాస్త నమ్మదగిన 450, 550 బ్రాంజ్ సుమారు మూడు వేల నుంచి నాలుగున్నర వేల మధ్య దొరుకుతుంది. కోర్సెయిర్ సీఎక్స్, కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ బ్రాంజ్, డీప్‌కూల్ పీకే సిరీస్ లాంటివి అడిగి చూడండి. పేరు చూసి మోసపోవద్దు. ఒకే కంపెనీ మంచి సిరీసూ అమ్ముతుంది, చవక సిరీసూ అమ్ముతుంది. చాలా బ్రాండ్లు సొంతంగా తయారు కూడా చెయ్యవు, వేరే ఫ్యాక్టరీలో చేయించి స్టిక్కర్ వేసుకుంటాయి. అందుకే నేను వారంటీ చూస్తాను. ఐదేళ్లు ఇచ్చిందంటే కంపెనీకే దాని మీద కొంత నమ్మకం ఉందన్నమాట. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ పవర్, ఓవర్ టెంపరేచర్ రక్షణలు నాలుగూ రాసి ఉన్నాయా చూడండి. బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి. బీఐఎస్ నంబర్ ఉంటే అక్కడే ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తీసి కొట్టి చూడొచ్చు, షాపాయన ఏమీ అనుకోడు. అనుకున్నా పర్లేదు.

ఇంత మంచిది కొని ఎర్తింగ్ లేని ప్లగ్గులో పెడితే సగం ఉపయోగం పోయినట్టే. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది కదండీ? "కంప్యూటర్‌లో షార్ట్ ఉంది" అంటారు. చాలాసార్లు షార్ట్ కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్ పిన్నులోకి పంపాలి. ఆ మూడో పిన్ను గోడలో ఉత్తదే అయితే అది క్యాబినెట్ మీదే ఉండిపోతుంది. అలాగని కొట్టిపారేయకూడదు, నిజంగా లీకేజీ కూడా అయ్యుండొచ్చు. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు ఫేజుకీ న్యూట్రల్‌కీ ఉన్నంతే రావాలి. మన డెల్టా నేలలో తడి ఉంటుంది, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ గొయ్యి తీయిస్తే ఎర్త్ బాగానే దొరుకుతుంది. స్పైక్ బస్టర్ కొన్నా దానికీ ఎర్త్ కావాలి. ఉరుములప్పుడు మాత్రం ఇవేవీ నమ్మకండి, ప్లగ్గు పీకెయ్యండి.

ఇన్వర్టర్ మీద నడుపుతాం అంటారా? వెనకాల యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. కరెంటు పోయిన క్షణం నుంచి ఎస్‌ఎంపీఎస్ తన దగ్గరున్న నిల్వతో నెట్టుకొచ్చేది ఓ 16, 17 మిల్లీసెకన్లే. ఎకోలో మారడానికి అంతకంటే ఎక్కువ పట్టి సిస్టమ్ ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ చాలామందికి సరిపోతుంది, అది సుమారు 360 వాట్స్. ఎంత దాకా అంటే ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునే దాకా. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు గళ్లు గళ్లుగా ఉండే వేవ్ ఇస్తాయి, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకి అది గిట్టదు. కొనేటప్పుడే సిస్టమ్‌తో కలిపి, ప్లగ్గు పీకి చూపించమనండి.

సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలికి లోపల బోర్డు ఎలా ఉందో బయటికి కనపడదు. చీమలు, బల్లులు సరేసరి. బ్లోయర్‌తో ఆరునెలలకోసారి దుమ్ము కొట్టించండి, బయట నుంచే. డబ్బా విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవుండే అవకాశం ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో యూపీఎస్ బ్యాటరీ ఎన్నేళ్లకి మార్చాలో, పాతది ఎంతకి తీసుకుంటారో చూద్దాం. ఉంటానండి.