మేకు బలం – తవక్కుల్ అర్థం

 

సర్వసృష్టికర్త అయిన అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) వారిపై శాంతి శుభాలు కురియాలని వేడుకుంటూ, ఈ శుక్రవారం మనం తవక్కుల్ గురించి, అంటే దైవంపై ఉంచే భరోసా గురించి ఆలోచిద్దాం.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వదలి భారం వేయాలా అని ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వారిని అడిగాడు. ముందు కట్టమనీ, ఆ తరువాత భరోసా ఉంచమనీ ఆయన బోధించారు. తిర్మిజీ హదీసు గ్రంథంలో నమోదైన ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. అయితే కట్టిన కట్టు నిలుస్తుందో లేదో చూడవలసిన బాధ్యత ఎవరిది?

నేటి కాలపు వాహనం ఒకదానిని ఉదాహరణగా తీసుకుందాం. నంద్యాల నుండి కర్నూలుకు వెళ్లే దారిలో, ఓర్వకల్లు వద్ద, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది. అక్కడ చక్కని రన్‌వే ఉంది. కాని అలాస్కా వంటి మారుమూల ప్రాంతాలలో చిన్న విమానాలు మట్టినేలపైనా గడ్డినేలపైనా దిగుతాయి. అక్కడ పైలటు తాళ్లూ మేకులూ వెంట తీసుకొని వెళ్తాడు. రెండు రెక్కల కింద, తోక వద్ద, మొత్తం మూడు చోట్ల విమానాన్ని నేలకు కడతాడు. నలుగురు కూర్చునే సెస్నా 172 విమానం గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం అందుకోగానే పైకి లేస్తుంది. నిలిపి ఉంచిన విమానానికి అంతటి గాలి ఎదురు వీచినా రెక్కలు దానిని పైకి లేపజూస్తాయి. గాలి వేగం రెండింతలైతే ఆ బలం నాలుగింతలవుతుంది.

అందుకే వివేకవంతులు మేకు దిగినంత మాత్రాన తృప్తి పడరు. తాడుకు త్రాసు తగిలించి, మేకును మెల్లగా పైకి లాగి, ఎంత బరువు వద్ద అది కదిలిందో చూస్తారు. నిటారుగా దిగిన నున్నని మేకు సులువుగా ఊడివస్తుంది. వేర్వేరు దిక్కులకు వాలుగా దించి, ఒకచోట కలిపి బిగించిన మూడు మేకులు గట్టిగా పట్టుకుంటాయి. ఎండిన నేలలో నిలిచిన మేకు తడిసిన నేలలో నిలవకపోవచ్చు. కనుక వాన కురిసిన పిమ్మట మరల పరీక్షించాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారమైన మనకు ఈ సంగతి కొత్త కాదు. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి మెత్తబడుతుంది. ఎద్దును కట్టే గుంజను పాతిన రైతు దానిని ఊపి చూడకుండా ఇంటికి పోడు. మరి పెళ్లికో, ఈద్‌కో షామియానా వేసినప్పుడు మనం ఆ మేకులను ఊపి చూస్తున్నామా? గాలివాన వేళ ఆ గుడ్డ కూడా ఒక రెక్కే. ఎగిరిన ఇనుప కడ్డీ ఒక పసిబిడ్డపై పడిన తరువాత, అంతా విధి అని చేతులు దులుపుకోవడం తవక్కుల్ కాదు. అది మనకు అప్పగించిన అమానతు పట్ల ద్రోహం.

సోదరులారా! మన విశ్వాసం కూడా అటువంటిదే. సుఖాల పొడినేలలో గట్టిగా కనిపించేది కష్టాల వానలో కదలిపోవచ్చు. అందుకే గాలి రాకముందే మన నమాజును, మన మాటను, మన లావాదేవీలను మనమే లాగి చూసుకుందాం. ఇక నుండి షామియానా వేసిన ప్రతిసారీ, జనం కూర్చోకముందే ఇద్దరు యువకులు ప్రతి మేకునూ పరీక్షించే ఏర్పాటు చేసుకుందాం. ఆపైన దుఆ చేద్దాం.

చేయవలసినది చేసి, ఫలితాన్ని తనకు అప్పగించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.