‘బ్రోకెన్’ అనే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లను ఎవరిని కదిలించినా ఒక మాట తప్పకుండా వస్తది: "అన్నా, ఆ క్యారెక్టర్ బ్రోకెన్." ఓడిపోయిన ఐదు నిమిషాల్లో వచ్చే మాట అది. దాన్ని ఎట్ల పరీక్షించాలో ఈ రోజు చూద్దాం.

ముందు బ్యాలెన్స్ అంటే ఏంటి? క్యారెక్టర్లన్నీ ఒకేలా ఉండాలని కాదు. కబడ్డీలో రైడర్ పని వేరు, కార్నర్‌లో నిలబడేవాడి పని వేరు. ఇద్దరికీ గెలిచే దారి ఉంటది. ఇక్కడా అంతే. పది మ్యాచుల్లో ఆరు నాలుగు అయితే కష్టమే, కానీ ఆడొచ్చు. ఎనిమిది రెండు అయితే క్యారెక్టర్ ఎంచుకునే స్క్రీన్ దగ్గరే ఆట అయిపోయినట్టు.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి? మా హత్నూర చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే తమ్ముళ్లు ఉన్నారు. బీ షిఫ్ట్ అయిపోయి ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక గంట ఆడతారు. ఆ గంట చొప్పున ఏడాది పాటు ఒక్క క్యారెక్టర్‌నే నేర్చుకుంటారు. అరుపులు విని కంపెనీ ఆ క్యారెక్టర్‌ను నెర్ఫ్ చేస్తే, ఆ ఏడాది కష్టం పోయినట్టే. నిజంగా బ్రోకెన్ అయినదాన్ని వదిలేసినా నష్టపోయేది వాళ్లే. అందుకే తీర్పు సరిగ్గా ఉండాలి.

మొదటి ప్రశ్న: ఓడించింది క్యారెక్టరా, నెట్టా?

ఈ గేములు సెకనుకు 60 ఫ్రేములు నడుస్తాయి. కంటితో చూసి బటన్ నొక్కడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే 15 ఫ్రేములు. ఒక లో కిక్ తగలడానికి 20 ఫ్రేములు పడుతుందనుకోండి. పక్కపక్కన కూర్చుని ఆడితే మీకు ఐదు ఫ్రేములు మిగులుతాయి, చూసి ఆపొచ్చు. నెట్ బాగాలేనప్పుడు ఎదుటివాడి మూవ్‌లో మొదటి నాలుగైదు ఫ్రేములు మీ తెర మీద కనిపించకుండానే ఎగిరిపోతాయి. అప్పుడు అదే కిక్‌ను చూసి ఆపడం దాదాపు కుదరదు. తప్పు నెట్‌ది, తిట్లు మాత్రం క్యారెక్టర్‌కు!

రెండో ప్రశ్న: దానికి జవాబు ఉందా? ఆ జవాబు ఎంత కష్టం?

ప్రాక్టీస్ మోడ్‌కు వెళ్లి ఆ మూవ్‌ను రికార్డ్ చేసి, బ్లాక్ చేయండి. బ్లాక్ అయ్యాక వాడు పది ఫ్రేములు వెనకబడితే, పది ఫ్రేముల పంచ్‌తో మీరు కొట్టొచ్చు. పక్కకు జరిగితే తప్పుతదా? కూర్చుంటే తప్పుతదా? టెకెన్ 8లో అయితే రీప్లేను మధ్యలో ఆపి, అక్కడి నుంచి మనమే ఆడి చూడొచ్చు. జవాబు దొరికితే అది మనకు తెలియని మూవ్, అంతే. దొరికిన జవాబు కూడా వాడు పెట్టిన కష్టానికి పదింతలు అడుగుతుంటే, అప్పుడు అనుమానించాలి.

మూడో ప్రశ్న: గెలుస్తున్నది ఒక్కడా, అందరూనా?

2020 జనవరి, ఎవో జపాన్. టెకెన్ 7లో లీరాయ్ స్మిత్ అనే కొత్త క్యారెక్టర్ అంతకుముందు నెలలోనే వచ్చాడు. టాప్ ఎనిమిది మందిలో ఆరుగురు వాడినే పట్టుకొచ్చారు. గెలిచిన థాయ్‌లాండ్ ఆటగాడు బుక్ కూడా లీరాయ్‌తోనే గెలిచాడు. ఏళ్ల తరబడి ఆడిన సొంత క్యారెక్టర్లను అంతమంది ఒకేసారి పక్కన పెట్టారంటే, అది సాక్ష్యం. తర్వాత ప్యాచుల్లో కంపెనీ లీరాయ్ బలం తగ్గించింది.

ఇప్పుడు దీనికి ఎదురు కేసు. 2023 సెప్టెంబర్, హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్ 4-3తో గెలిచింది దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూ, అప్పటికి 44 ఏళ్లు. ఆయన క్యారెక్టర్ చేతికి ఇనుప గోళ్లు తగిలించుకుని వచ్చే వేగా. పెద్ద టోర్నమెంట్లలో అరుదుగా కనిపించే క్యారెక్టర్ అది. ఆ బంగారు పతకం చూసి వేగా బ్రోకెన్ అందామా? అది ఆ మనిషి సాధన.

అట్లని ఆటగాళ్ల గోలను కొట్టిపారేయమని కాదు. 2025 ఏప్రిల్‌లో టెకెన్ 8 రెండో సీజన్ ప్యాచ్ వచ్చినప్పుడు ప్రొఫెషనల్స్ నుంచి మామూలు వాళ్ల దాకా ఒకటే ఫిర్యాదు: దాడి చేసేవాడికి బలం మరీ పెరిగింది, కాచుకునేవాడికి దారి లేదు. కంపెనీ ఎమర్జెన్సీ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. అన్ని స్థాయిల వాళ్లూ ఒకే కారణం చెప్తున్నారంటే వినాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు నేర్చుకున్న సంగతి ఒకటి చెప్తా. "పనిచేయట్లేదు" అంటే అది బగ్ రిపోర్ట్ కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది రాయాలి. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒకే క్యారెక్టర్ మీద ఇరవై మ్యాచులు ఆడి, ఏ మూవ్‌కు ఓడారు, నెట్ ఎట్ల ఉంది, జవాబు వెతికారా అన్నది రాయండి. ఇరవై అయ్యాక కూడా బ్రోకెన్ అనిపిస్తే ఆ మాట గట్టిగానే అనండి. అప్పటికి మీ దగ్గర లెక్క ఉంటది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.