సర్కారు కాలేజీలో మన వాటా ఎంత?

(కొత్తపల్లె దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నంద్యాలలో 2023 సెప్టెంబరు 15న సర్కారు మెడికల్ కాలేజీ తెరిచినారు. మొదటి ఏడే 150 ఎంబీబీఎస్ సీట్లు. మరుసటి ఏడు రెండో బ్యాచ్ వచ్చింది. ఇది మన జిల్లాకు ఎదుగుదలే, కాదనం. కానీ ఆ ఎదుగుదలలో మన వాటా ఎంత?

లెక్క చూద్దాం. ఆలిండియా కోటా 15 శాతం పోతే మిగిలేవి సుమారు 128. 2023లో తెచ్చిన 107, 108 జీవోలతో అందులో సగం అమ్మకానికి పెట్టినారు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు. 15 వేల ఫీజు మిగతా సగానికే. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ కూడా ఆ సగానికే. అంటే 19 రావాల్సిన చోట పది!

భూమి సర్కారుది, పన్ను జనానిది, సీటు మాత్రం డబ్బున్నోళ్లదా? ఏడాది పొడుగునా నడుం వంచి కలుపు తీసే తల్లి 12 లక్షలు యాడ తెస్తాది?

అందుకే మూడు పనులు చేద్దాం. పది పాసైన పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, పనికి పంపకుండా బైపీసీలో చేర్పిద్దాం. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ముందే తీసి పెడదాం. సర్కారు కాలేజీలో ప్రతి సీటూ సర్కారు ఫీజుకే ఇయ్యాలని ఊరూరా సంతకాలు సేకరిద్దాం.

అడగకపోతే ఆ పది కూడా మిగలవు. జై భీమ్!