దేహములోని క్రిములు – ఏమరుపాటు చెందిన కావలి

(మన సంఘపు వారాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మేము మాటలాడబోవు విషయము సభలలో సామాన్యముగా ప్రస్తావనకు రానిది. మనుష్య దేహములో కాపురముండు పురుగులను గూర్చి, అవి మన వ్యాధినిరోధక శక్తిని ఏ విధముగా మభ్యపెట్టునో ఆ సంగతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము. వినుటకు కొంత రోతగా తోచినను, ఇది మన ఇంటి బిడ్డలకు, మన క్యాంపులలోని ప్రతి కుటుంబమునకు సంబంధించిన విషయము గనుక ఓపికతో ఆలకింప ప్రార్థన.

మనలో వృద్ధులైనవారికి నారికురుపు జ్ఞాపకముండును. కన్నడ సోదరులు దానిని నారుహుణ్ణు అందురు. దిగుడుబావి నీటిలో నలుసంత జీవి యొకటి యుండును. దాని పేరు సైక్లాప్స్. దాని కడుపులో ఈ క్రిమి పిల్ల దాగియుండును. ఆ నీరు వడగట్టక త్రాగినవాని దేహములో ఆ పిల్ల ప్రవేశించి, ఇంచుమించు ఒక సంవత్సరము పెరిగి, దాదాపు మీటరు పొడవు గల ఆడ క్రిమియై, పాదముననో పిక్కననో బొబ్బ లేపి వెలికి వచ్చును. దానిని పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా లాగుచు, రైతులు వారముల తరబడి మంచము పట్టెడివారు. అదియు సరిగా పొలము పనుల అదనులోనే! దేశములో ఈ రోగమున్న 7 రాష్ట్రములలో కర్ణాటకము, నాటి ఆంధ్రప్రదేశము రెండును ఉండెను. 1984లో దేశమంతట సుమారు 40 వేల మంది దీని వాత పడిరి. మందు గాని టీకా గాని లేకయే, దిగుడుబావులను చేదబావులుగా మార్చియు, గొట్టపుబావులు వేసియు, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పియు దీనిని తరిమివేసిరి. చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమున కనబడెను. 2000 ఫిబ్రవరిలో భారతదేశము ఈ పీడ నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను.

ఈ రోగమున ఆలోచింపదగిన విషయములు రెండు కలవు. కాలిలో ముల్లు విరిగినచో మూడవ దినముననే చీము పట్టి దేహము దానిని బయటికి నెట్టజూచును. అట్టి దేహము మీటరు పొడవు గల ప్రాణిని ఏడాది పాటు ఎట్లు ఓర్చుకొనెను? ఇది మొదటిది. ఒకమారు తట్టు వచ్చినవానికి సాధారణముగా అది మరల రాదు. కాని నారికురుపు ఈ యేడు వచ్చినవానికే మరుసటి యేడును వచ్చెడిది. దేహము ఆ శత్రువును గుర్తుంచుకొనలేదేల? ఇది రెండవది. ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే నేటి మా ప్రసంగ సారాంశము.

మన నెత్తురులోని తెల్లకణములు దేహమునకు కావలివారు. సూక్ష్మజీవి లోపలికి వచ్చినచో కొన్ని తెల్లకణములు దానిని అమాంతముగా మ్రింగివేయును. కాని పురుగు ఆ కణముకంటె వేల రెట్లు పెద్దది. ఎలుకను మ్రింగు పాము ఏనుగును మ్రింగజాలదు గదా! అందుచేత ప్రకృతి పురుగుల కొరకు వేరొక సేనను సిద్ధపరచినది. ఇసినోఫిల్ అను కణములు అందులో ముఖ్యమైనవి. ఆరోగ్యవంతుని తెల్లకణములలో ఇవి నూటికి ఆరింటికి మించవు. క్రిములు చేరినప్పుడు వీని సంఖ్య మిక్కిలి పెరుగును. ఇవి పురుగును చుట్టుముట్టి దాని చర్మముపై విషద్రవ్యములను చిమ్మును. ఇమ్యునోగ్లోబులిన్-ఇ అను ప్రతిద్రవ్యము వీనికి శత్రువును చూపును. ప్రేగుల గోడలు జిగురును ఎక్కువగా స్రవించి, గట్టిగా కదలి, పురుగును బయటికి నెట్టజూచును. దురద, తుమ్ము, కఫము, ఆయాసము మొదలైనవన్నియు ఈ సేన చేష్టలే. దుమ్మునో పుప్పొడినో చూచి శత్రువని భ్రమించి ఇదే సేన కదలినప్పుడు దానిని మనము ఎలర్జీ యనుచున్నాము.

ఇంత సేన యుండియు పురుగు బ్రతుకుటకు కారణమేమి? పురుగునకు తన ఆతిథేయుని చంపుటవలన లాభము లేదు. ఇల్లు కూలినచో కాపురమున్నవానికి నిలువ నీడ ఉండదు. కనుక అది పోరాడుటకు మారుగా కావలివానిని జోకొట్టును. నిరంతరము కొన్ని ద్రవ్యములను స్రవించుచు, నిరోధకశక్తికి పగ్గము వేయు నియంత్రణ కణములను పెంపొందించును. ఆ కణములు ఇంటర్‌ల్యూకిన్-10 మొదలగు శాంతిద్రవ్యములను విడుచును. దానితో దేహము ఇమ్యునోగ్లోబులిన్-ఇకి బదులు ఇమ్యునోగ్లోబులిన్-జి4 అను మెత్తని ప్రతిద్రవ్యమును అధికముగా తయారు చేయసాగును. ఆయుధము ఒరలోనే ఉండును. దొంగ ఇంటిలోనే ఉండును. కావలివాడు దొంగను ఇంటివానిగా భావించును.

దీనికి మన ప్రాంతమున నేటికిని చెప్పదగిన ఉదాహరణము బోదవ్యాధి. కర్ణాటకములో ఈ వ్యాధి యున్నట్లు గుర్తింపబడిన జిల్లాలలో రాయచూరు ఒకటి. మురుగునీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని మోయును. పెద్ద క్రిములు లింఫ్ అను తేట రసము ప్రవహించు సన్నని నాళములలో ఏండ్ల తరబడి జీవించి లక్షలాది పిల్లక్రిములను నెత్తురులోనికి విడుచును. ఆ పిల్లక్రిములు పగలు ఊపిరితిత్తుల లోతైన నాళములలో దాగి, దోమ కుట్టు వేళకు, అనగా నడిరేయి ప్రాంతమున, బయటి రక్తములోనికి వచ్చును. అందుచేతనే ఆరోగ్యశాఖవారు రాత్రి పది గంటలకు వచ్చి వ్రేలి నెత్తురు అడుగుచుందురు. వారు మనలను వేధించుటకు ఆ వేళ ఎన్నుకొనలేదు.

ఒకే క్రిమి మూడు విధములైన మనుష్యులలో మూడు విధములుగా కనబడును. మొదటివాని నెత్తురు పిల్లక్రిములతో నిండియుండును గాని అతనికి ఏ బాధయు తోచదు. పొలము దున్నును, సంతకు పోవును, హాయిగా నిద్రించును. అతని కావలివాడు పూర్తిగా జోకొట్టబడినాడు. ఊరిలోని దోమలకు క్రిములను పంచువాడు ఇతడే. రెండవవాని దేహము క్రిమిని గుర్తించి తీవ్రముగా ప్రతిఘటించును. ఆ పోరులో లింఫ్ నాళములు చెడి, సూక్ష్మజీవుల దాడి తోడై, కాలు వాచి బోదకాలగును. ఇతని నెత్తురులో పలుమారు పిల్లక్రిములు కానరావు. మూడవవానిలో కావలి సేన మితిమీరి విజృంభించి పిల్లక్రిములను ఊపిరితిత్తులలోనే చంపును. రాత్రులయందు పొడిదగ్గు, ఉబ్బసము కలుగును. ఇసినోఫిల్ కణములు విపరీతముగా పెరుగును. క్షయను పోలిన ఈ స్థితిని 1940లో మన తెలుగునాటనే, మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమున ఫ్రీమాట్ మోలర్, బార్టన్ అను వైద్యులు వర్ణించిరి. దీని మూలము బోదక్రిమియేయని తరువాత తేలినది. కనుక నిరోధకశక్తి ఎక్కువైనను కీడే, తక్కువైనను కీడే యని తెలియుచున్నది.

ఇక మందు విషయము. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని తెలుగువాడుండడు. వారి బృందము 1947లో వెలువరించిన హెట్రజాన్ అను మందే నేడు డి.ఇ.సి. అను పేర మన చేతికి వచ్చు మాత్ర. ఇందొక విచిత్రము కలదు. పిల్లక్రిములను గాజునాళికలో ఉంచి, వైద్యమున వాడునంత మోతాదులో ఈ మందు కలిపినచో అవి అంతగా చావవు. మనుష్యుని దేహములోనైతే కొలది గంటలలో నెత్తురు నుండి తొలగిపోవును. అనగా ఈ మందు తానొక్కటే చంపదు. క్రిమి ముసుగును తొలగించి, నిద్రించుచున్న కావలివానికి శత్రువును చూపును. తక్కిన పని మన తెల్లకణములే చేయును.

ఈ సంగతిని మేము ఇంత వివరముగా చెప్పుటకు బలమైన కారణమున్నది. మాత్రలు పంచువారు వచ్చినప్పుడు మనవారిలో కొందరు "మాకేమి జబ్బు? కాలు వాచినవారికి ఇయ్యుడు" అని త్రిప్పి పంపుదురు. మరికొందరు చేత పుచ్చుకొని గూటిలో పెట్టుదురు. ఏ బాధయు లేనివాడే క్రిములను పంచువాడు కాగలడని పైన విన్నవించితిమి. కనుక ఆరోగ్యముగా ఉన్నామను నమ్మకము మాత్రను మానుటకు కారణము కారాదు. పోయినసారి మాత్ర మ్రింగిన పొరుగువానికి జ్వరము, తలనొప్పి వచ్చినవని భయపడువారును కలరు. అట్టి జ్వరము మిక్కిలిగా చచ్చిన క్రిములను చూచి దేహము చూపు ప్రతిక్రియ. సాధారణముగా అది ఒకటి రెండు దినములలో తగ్గును. బాధ ఎక్కువైనచో వైద్యునికి చూపవలెను. అది మందు విషమనుటకు సాక్ష్యము కాదు. లోపల క్రిములున్నవనుటకు సాక్ష్యము. రెండేండ్ల లోపు శిశువులు, గర్భిణీ స్త్రీలు, తీవ్రవ్యాధిగ్రస్తులు దీనిని తీసికొనరాదు. తక్కినవారు భోజనానంతరము, పంచువారి ఎదుటనే మ్రింగుట మంచిది.

కావలివాడు ఒక దొంగ విషయమున నిద్రించినచో ఇతర దొంగలకును దారి దొరకును. ఈక్వెడారు దేశమున ఏలికపాములున్న బాలలకు ముందుగా ఆల్బెండజోల్ ఇచ్చి, పిదప కలరా టీకా మందు త్రాగించినప్పుడు టీకా మెరుగుగా పనిచేసినట్లు 2000లో ప్రకటించిరి. టాంజానియాలో బోదక్రిమి కలవారికి ఎయిడ్స్ వైరస్ సోకు అవకాశము అధికమని 2016లో తేలినది. బిడ్డలకు టీకాలు వేయించుటలో శ్రద్ధ చూపు తలిదండ్రులు కడుపులోని పురుగుల విషయమున అశ్రద్ధ చేయుట తగదు. 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున 1 నుండి 19 ఏండ్ల వారికి బడులలోను అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ ఉచితముగా ఇచ్చుచున్నారు. కొంకిపురుగు పాదముల చర్మమును తొలిచికొని లోనికి వచ్చును గనుక, తడి నేలలలో తిరుగు మన వరిరైతులకు చెప్పులు, మరుగుదొడ్లు రెండును అవసరము.

చదువరులైన యువకులు కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును. పురుగులు ఉండుటయే మేలని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు గదా యని. ఇందులో కొంత నిజమున్నది. అర్జెంటీనాలో నరముల వ్యాధి గల 12 మందికి కడుపులో క్రిములుండుటచే ఆ వ్యాధి నెమ్మదించినట్లు 2007లో వెల్లడించిరి. మధుమేహము గలవారిలో బోదక్రిమి తక్కువగా కనబడినట్లు 2010లో చెన్నపట్టణ పరిశోధకులు ప్రకటించిరి. జోకొట్టబడిన కావలివాడు సొంత ఇంటివారిపైనను చేయి చేసికొనడు గదా! అందుపై పంది ప్రేగులలోని పురుగు గ్రుడ్లను రోగులకు త్రాగించి చూచిరి. మొదట ఆశ కలిగెను గాని, 2013లో పెద్ద పరీక్షలు ప్రయోజనము చూపజాలక నిలిచిపోయినవి. పురుగు విడుచు శాంతిద్రవ్యము నుండి రేపు మంచి మందు పుట్టవచ్చును. దానికై మన బిడ్డల కడుపున పురుగులను పోషింపనక్కరలేదు. పాము విషము నుండి మందు తీయుదురని పామును ఇంట పెంచుకొనము.

చివరకు రెండు మనవులు. బోదకాలు గల కుటుంబమున పిల్లను ఇచ్చుటకు, తెచ్చుకొనుటకు మనవారు ఇప్పటికిని వెనుదీయుచున్నారు. అందుచేత వాపు మొదలైనప్పుడే చూపింపక, చీర కుచ్చెళ్ల క్రిందను పంచె క్రిందను దాచి, వ్యాధిని ముదురబెట్టుచున్నారు. ఈ వ్యాధి వంశపారంపర్యము కాదు, తాకుటచే అంటునదియు కాదు. కాలిని దినమును సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తుగా ఉంచినచో జ్వరపు పోటులు తగ్గును, వాపు ముదురదు. రెండవ మనవి, ఆరోగ్యశాఖవారి ప్రకటనలు కన్నడమున వచ్చును. మన పిల్లలు బడిలో కన్నడము చక్కగా నేర్చుచున్నారు. అవ్వలకు, తాతలకు ఆ లిపి రాదు. ఇంటింట పిల్లలు ఆ కాగితమును చదివి తెలుగున చెప్పవలెను. తుంగభద్ర నీరు మన చేలకు, పొరుగువారి చేలకు ఒక్కటే అయినట్లు, దోమయు భాషాభేదము ఎరుగదు. ఒక్క ఇల్లు మాత్ర మానినను ఊరంతటికి ముప్పే.

పురుగు కావలివానిని నిద్రబుచ్చును. ఆ సంగతి తెలిసిన పిమ్మట మనము కూడ నిద్రించుట ధర్మము కాదు.