తెర వెనుక వాన



వంటిల్లు సర్దుకుని మీరు కాస్త నడుం వాల్చే వేళకు మాట్లాడడానికి వచ్చాను. ఈ రోజు వంటల గురించీ కాదు, ఊరగాయల గురించీ కాదు. రోజూ మనింట్లో వెలిగే టెలివిజన్ బొమ్మ ఉంది చూశారూ, దాని వెనక్కి వెళ్ళి చూసి వచ్చాను. ఆ సంగతులు నాలుగు చెబుతాను.

దీనికంతా మూలం మా అమ్మాయి. తెలుగు సీరియల్ పెడితే మొహం తిప్పుకుంటుంది గాని, ఫోనులో కొరియా సీరియళ్ళు వస్తుంటే అన్నం సంగతి కూడా మరిచిపోతుంది. కొరియా అంటే మన అనంతపురం వాళ్ళకు ఇప్పుడు మరీ అంత దూరదేశమేమీ కాదు లెండి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక, బెంగుళూరు దారిలో కొరియా అక్షరాల బోర్డులు కూడా వెలిశాయి. 2022లో పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, మా నోటికి మాత్రం అది ఇంకా మన జిల్లాయే.

"సియోల్‌లో టీవీ స్టూడియోల లోపలికి తీసుకుపోయి అన్నీ చూపిస్తారంటమ్మా, పోదామా?" అంది ఒకరోజు.

నాకూ ఒక కొరియా కథ తెలుసు సుమండీ. 'దే జాంగ్ గమ్' అని, 2006లో మన దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. రాజుగారి వంటశాలలో పనిచేసే పిల్ల చివరికి రాజవైద్యురాలవుతుంది. ఆ కథ కోసం కట్టిన కోటనూ వంటశాలనూ చూడడానికి తర్వాత జనం యాత్రకు వెళ్ళినట్టు వెళ్ళారట. వంటింటి ఆడదాని కథకు అంత గౌరవం దొరికిందని విని నాకూ సంతోషమయింది. కాని విమానం ఖర్చు మాట ఎత్తకుండా, "సియోలు తర్వాత చూద్దాం, ముందు హైదరాబాదు పోదాం పద" అన్నాను.

అలా మా వీధిలోని ఆడవాళ్ళం, పిల్లలం కలిసి బయలుదేరి రామోజీ ఫిల్మ్ సిటీ చూశాము. విజయవాడ రోడ్డులో ఉంది. 1996లో మొదలైంది, 1666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయమని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అక్కడ ఒక పక్కనుంచి చూస్తే విమానాశ్రయం, ఇంకో పక్కకు తిరిగితే వేరే భవనం. రైలుస్టేషను ఉంది, కాని అక్కడ టిక్కెట్టు కొనుక్కుని ఏ ఊరికీ పోలేము. మా పక్కింటి పెద్దమ్మ ఒక మేడ గోడను వేలితో తట్టి చూసి, "ఓసినీ, లోపల డొల్ల" అని నవ్వింది. ఆ రోజంతా ఆమె కనిపించిన గోడనల్లా తట్టుతూనే ఉంది.

అక్కడ ఒకచోట సినిమా ఎలా తీస్తారో చూపిస్తారు. చూడవచ్చినవాళ్ళలోంచి ఒకమ్మాయిని పిలిచి, 'షోలే'లో బసంతి మాదిరిగా టాంగా ఎక్కించారు. టాంగా ఉన్నచోటనే ఉంటుంది. మనుషులు దాన్ని ఊపుతారు. అమ్మాయి మాత్రం ప్రాణభయంతో పరుగెత్తిస్తున్నట్టు కళ్ళెం లాగాలి. ఇంకొందరు పక్కన నిలబడి చప్పుళ్ళు చేశారు. తర్వాత బొమ్మనూ చప్పుడునూ కలిపి తెరమీద చూపిస్తే, అప్పటిదాకా చూసినవాళ్ళమే మళ్ళీ నోరు తెరుచుకుని చూశాము.

నాకు ఆ చప్పుళ్ళు కొత్త కాదు. రేడియో నాటకంలో గుర్రం రావాలంటే రెండు కొబ్బరి చిప్పలు చాలు. వాన కావాలంటే చాటలో కొర్రలు పోసి మెల్లగా అటూ ఇటూ జార్చాలి. ఒకసారి అలా నేను మైకు ముందు వాన కురిపిస్తూ ఉంటే, బయట నిజం ఆకాశం నిప్పులు చెరుగుతోంది. ఇంటికి వచ్చి చెబితే మా అత్తగారు, "ఆ చాట ఏదో చేనికాడికి ఎత్తుకోని పోరాదా" అన్నారు.

మర్నాడు తెలిసినవారి సాయంతో ఒక వార్తల స్టూడియో లోపలికి వెళ్ళాము. చలికి పిల్లలు కొంగుల్లో దూరారు. యంత్రాలు వేడెక్కకూడదని అంత చల్లగా ఉంచుతారట. వార్తలు చదివే అమ్మాయి కాగితం చూడకుండా గడగడా ఎలా చెబుతుందా అని మీరూ అనుకునే ఉంటారు. కెమెరా ముందు ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. వార్త అందులో అక్షరాలై పైకి జరుగుతూ ఉంటుంది. ఆమె దాన్ని చదువుతుంటే మనతోనే మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది వాతావరణం చెప్పే చోటు. తెరమీద ఆ అమ్మాయి వెనక రాష్ట్రం పటం, మబ్బులు, వాన చినుకులు అన్నీ కనిపిస్తాయి కదా. అక్కడ ఉన్నది ఒట్టి ఆకుపచ్చ గుడ్డ! ఆ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ యంత్రం పటాన్ని అతికిస్తుంది. పొరబాటున ఆ అమ్మాయి ఆకుపచ్చ చీర కట్టుకుని వస్తే, చీర మాయమై అక్కడ కూడా మబ్బులే కనిపిస్తాయట. అందుకే ఆమె పక్కనున్న చిన్న టీవీలో తనను తానే చూసుకుంటూ, ఏమీ లేని గుడ్డమీద చెయ్యి ఆడిస్తుంది. "మన అనంతపురం ఎక్కడుందమ్మా?" అని అడిగాను. నవ్వి, గుడ్డమీద ఒకచోట అరచెయ్యి పెట్టి, "ఇక్కడండీ" అంది. అలవాటు మీద చెయ్యి సరిగ్గా అక్కడికే పోతుందట.

ఆ సాయంత్రం మేము దిగిన బంధువుల ఇంటి పక్కనే, సీరియళ్ళకు లైట్లు పట్టే పని చేసి మానేసిన ఒకాయన ఉన్నారు. పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినాయన. సీరియల్లో ఏడుపు ఎట్లా అంటే గ్లిజరిన్ అన్నారు. ఇల్లు అంటే మూడు గోడలేనట, నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా ఉంటుంది. వంటింట్లో కొళాయి తిప్పితే నీళ్ళు రావు. హీరోయిన్లలో చాలామంది కన్నడం అమ్మాయిలు, వారి తెలుగు వేరొకరి గొంతు. చీకటి గదిలో కూర్చుని, పరాయి పెదవుల కదలికకు తన గొంతు సర్ది ఏడ్చే ఆ మనిషి ముఖం మనం ఎన్నడూ చూడం. రేడియో మనిషిని కనుక ఆ మాట నాకు మనసులో నిలిచిపోయింది.

"మరి వాన?" అని అడిగాను.

"ఊకెనే పడ్తదా అమ్మా? ట్యాంకర్ తేవాలె, మోటర్ పెట్టాలె, పైపులకు బొక్కలు పొడిచి పైన కట్టాలె. ఇంకొకటి, ముందటికెళ్ళి లైటు కొడితే వాన కండ్లకు ఆనదు. ఎనకకెళ్ళి కొడితేనే చినుకు మెరుస్తది. ఒక్క పాటకు ఎన్ని ట్యాంకర్లు పోసినమో, మా ఊరి చెరువుల గంపెడు నీళ్ళు లేనప్పుడు!"

అన్ని ట్యాంకర్ల నీళ్ళు పోయించిన చేతులు ఆయనవి. ఆ మాట చెప్పి ఆయన చాలాసేపు ఊరుకున్నారు. మేమూ ఊరుకున్నాము.

మన సంగతి మీకు తెలియనిదా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన మనది. నైరుతి మబ్బులను పడమటి కనుమలు దించేసుకుంటాయి. ఈశాన్య మబ్బులు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి ఖాళీ అవుతాయి. చెనిక్కాయకు ఊడలు దిగే వేళ ఒక్క పదును పడకపోతే, కట్టె మిగులుతుంది గాని కాయ మిగలదు.

అయితే తెర వెనక చేసేదంతా మోసమే అని మీతో చెప్పడానికి రాలేదు. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డిగారు మన తాడిపత్రి వారే. 1957లో వచ్చిన ఆ సినిమాలో మార్కస్ బార్ట్‌లీ గారు కెమెరాతో పుట్టించిన వెన్నెల చూసి ఇప్పటికీ మురిసిపోతాం. అది నిజం వెన్నెల కాదని తెలిసినా మనకు కోపం రాదు. కథ అని చెప్పి చూపించారు, కథ అని ఒప్పుకుని చూశాము. ఆకుపచ్చ గుడ్డ కూడా అంతే. గుడ్డ అబద్ధమే గాని, దానిమీద చెప్పే తుఫాను నిజమైతే ఆ కబురు ఒక పల్లెను కాపాడుతుంది. టెలివిజన్ మన పల్లెల్లోకి మొదట వచ్చింది కూడా అలాంటి పనికే. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు సేద్యం, ఆరోగ్యం, చదువు చూపించారు. అందులో తెలుగు పల్లెలూ ఉన్నాయి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది.

మరి తప్పు ఎక్కడుంది? దీనికి జవాబు చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం, కరువు ఏడు. కళ్యాణదుర్గం దగ్గరి మా పుట్టినూరికి ఒక ఛానల్ వాళ్ళు వచ్చారు. ఏ ఛానలో ఇప్పుడు ఎందుకు లెండి. నేను అప్పటికి రేడియోలో మాట్లాడే మనిషినని, ఊరివాళ్ళతో మాట కలపడానికి నన్ను తోడు పిలిచారు. మా ఇంటి పక్క అవ్వ దూరాన బోరుకాడి నుంచి నిండు బిందె ఎత్తుకుని వస్తోంది. కెమెరా ఆయన, "ఖాళీ బిందెతో వెళ్తున్నట్టు కావాలి" అన్నారు. నేనే అవ్వ దగ్గరికి వెళ్ళి, నిండు బిందె దింపించి, ఇంకొక ఖాళీ బిందె చేతికిచ్చాను. ఒకసారి నడిచింది. ఎండ సరిగా పడలేదన్నారు. రెండోసారి ఎవరో పిల్లవాడు అడ్డం వచ్చాడు. మూడోసారి, "కొంచెం మెల్లగా, అలసిపోయినట్టు నడవమనండి" అన్నారు. ఆ మాట అవ్వకు అందించింది నేనే.

అవ్వ నావైపు చూసి, "ఏంది పాపా, పెండ్లికూతుర్ని నడిపించినట్లు నడిపిస్తాండారే! నిండు బిందె మోసుకోని వచ్చేటప్పుడు అవసరం లేకపోయెనా నేను?" అంది.

మేము ఇటు ఈ పనిలో ఉండగా, అటు దింపిన నిండు బిందెలో మేకలు మూతి పెట్టాయి. ఒకటి బిందెను దొర్లించేసింది. చూసేసరికి నేల తడిసి ఉంది. ఛానల్ వాళ్ళు నాకు దండం పెట్టి, వేరే ఊరు చూసుకోవాలని జీపెక్కి పోయారు. అవ్వ మారుమాట లేకుండా మళ్ళీ బోరుకాడికి బయలుదేరింది. అది నాలుగో నడక. ఆ నడకలో అలసట నిజం, దాహం నిజం. దాన్ని ఏ కెమెరా తీయలేదు. మూడో నడక మాత్రం ఆ వారమే టీవీలో వచ్చింది. చూసినవాళ్ళు "అబ్బ, ఎంత బాగా తీశారో" అన్నారు. నేనూ ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. అవ్వ వెంట ఆ రోజు బోరుదాకా నేను పోలేదన్న సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పలేదు.

హైదరాబాదులో ఆ పాలమూరు ఆయన మాటలు విన్న రాత్రి, నాకు ఆ తడిసిన నేల గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. కథను కథలా తీస్తే తప్పు లేదు. ఒక నిజం మనిషిని నిలబెట్టి, ఆమె కష్టం మనకు నచ్చినట్టు కనిపించేదాకా ఆమె చేతనే మళ్ళీ మళ్ళీ చేయించి, ఆమె నిండు బిందెను మరిచిపోవడం తప్పు. రేడియోలో మేమూ అమాయకులం కాము. పదిహేను నిమిషాలు చెప్పుకున్న ఒక తల్లి మాటను రెండు నిమిషాలకు కత్తిరించి, మాకు కావలసిన ముక్క మాత్రమే ఉంచిన రోజులున్నాయి. ఇప్పుడు ఎవరి మాటైనా రికార్డు చేస్తే, ప్రసారానికి ముందు ఆమెకు వినిపించి, "ఇదేనా నువ్వు చెప్పదలచుకున్నది?" అని అడుగుతున్నాను. పని కొంత ఆలస్యమవుతుంది. కానివ్వండి.

మీకు నేను చెప్పదలచినవి రెండే. మీ ఊరికి కెమెరా వస్తే భయపడవద్దు, మురిసిపోనూ వద్దు. "ఇది ఎందుకు తీస్తున్నారు? నా మాటలో ఎంత చూపిస్తారు?" అని అడగండి. మళ్ళీ నడవమంటే, కాళ్ళు నొప్పులుంటే, నడవనని చెప్పండి. అడగడం అమర్యాద కాదు. రెండోది, టీవీలో ఏ బొమ్మ చూసినా మా పెద్దమ్మ గోడ తట్టినట్టు మనసులో ఒకసారి తట్టి చూడండి. పిల్లలకూ ఆ అలవాటు చేయండి. అద్దంలా మెరిసే సీరియల్ వంటింటిని చూసి మన మసి గోడలను తక్కువ చేసుకోవద్దు. ఆ కొళాయిలో నీళ్ళు రావు, మన బిందెలో ఉన్నవి నిజం నీళ్ళు.

తిరిగి వచ్చాక మా పుట్టినూరు వెళ్ళి, అవ్వతో ఈ ప్రయాణం సంగతులన్నీ చెప్పాను. ట్యాంకరు వాన సంగతి విని ఆశ్చర్యపోయింది. ఆనాటి బిందె సంగతి కూడా ఎత్తి, తప్పయిందన్నాను. "యాడనో మేకలు తాగినాయిలే పాపా, అవీ దప్పికతో ఉండేవే గదా" అంది. ఆ తర్వాత బిందె తీసుకుని లేచింది. ఈసారి రెండో బిందె నేను తీసుకున్నాను. బోరు అనుకున్నదానికన్నా దూరమే ఉంది.

మా అమ్మాయి ఇంకా కొరియా సీరియళ్ళు చూస్తూనే ఉంది. మొన్న ఒక వాన సన్నివేశం వస్తే, "అమ్మా, లైటు వెనకనుంచి కొట్టినారు చూడు" అంది. యాత్ర ఖర్చు గిట్టుబాటు అయిందనుకున్నాను.

ఇక సెలవు. నమస్కారం.